ఎఫ్‌ఆర్‌ఎల్ రాయి దగ్గర నది ఆగదు

చెరువు శికం అంచున పొలం ఉన్న రైతును ఎవరినైనా అడగండి. ఎఫ్‌టీఎల్ రాయి పాతింది ఒక చోట, వానకాలంలో నీళ్లు నిలిచేది ఇంకో చోట అని చెబుతాడు. మత్తడి మీదుగా గజం ఎత్తున నీళ్లు దుంకుతున్నాయంటే చెరువు లోపల నీటిమట్టం కూడా మత్తడి కన్నా కనీసం గజం పైన ఉన్నట్టే. చెరువులోకి వాగు వచ్చి పడే మూతి దగ్గర ఇంకా ఎత్తుంటుంది. రాయి చెప్పేది చెరువు నిండిన రోజు లెక్క. వరద వచ్చిన రోజు లెక్క రాయి చెప్పదు.

ఇది చదువుకోని రైతుకు కూడా తెలిసిన సంగతే. నది మీద బ్యారేజీ కట్టినప్పుడు మాత్రం మన ప్రభుత్వాలు ఈ సంగతి మరిచిపోయినట్టు ప్రవర్తిస్తున్నాయి. గోదావరి మీద కాళేశ్వరం ఎత్తిపోతల కింద మూడు బ్యారేజీలు కట్టారు. మేడిగడ్డ ఎఫ్‌ఆర్‌ఎల్ 100 మీటర్లు, అన్నారం 119 మీటర్లు, సుందిళ్ల 130 మీటర్లు. ఒక బ్యారేజీ వెనుక నీళ్లు ఎగదన్ని పై బ్యారేజీ పాదం దాకా రావాలి, అక్కడి నుంచి పంపులతో మళ్లీ పైకి ఎత్తాలి. ఈ పథకం రూపమే అది. అంటే ఎగదన్నే నీరు అనుకోకుండా వచ్చిన చిక్కు కాదు, ముందే అనుకుని పెట్టిన ఏర్పాటు. అలాంటప్పుడు ఆ నీరు వరద రోజున ఎవరి చేను దాకా వస్తుందో కూడా ముందే తేల్చి, ఆ రైతుకు ముందే చెప్పి ఉండాల్సింది.

అలా జరగలేదు. చెన్నూరు, కోటపల్లి, జైపూర్ మండలాల్లో, ఇటు మంథని వైపు, ప్రాణహిత అవతల మహారాష్ట్రలోని సిరోంచ వైపు రైతులు బ్యాక్ వాటర్ ముంపు మీద ఏళ్లుగా ధర్నాలు చేశారు, కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. వాళ్లకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు ఒకటే. మీ భూమి ఎఫ్‌ఆర్‌ఎల్ బయట ఉంది, సేకరణ పరిధిలో లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరిహారం ఎంత అని అడగడానికి ముందు, ముంపు గీత ఎక్కడ అని అడగాలి. ఆ గీత ఎఫ్‌ఆర్‌ఎల్ గీత కాదు. అది తేలనంత వరకు ప్రతి వానకాలం మనం దరఖాస్తులు రాస్తూనే ఉంటాం, వాళ్లు తిప్పి పంపుతూనే ఉంటారు.

నీరు అద్దంలా పరుచుకుని ఉండదు

ఎఫ్‌ఆర్‌ఎల్ అంటే బ్యారేజీ పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం. ఆ ఎత్తు పట్టుకుని కాంటూరు గీత గీసి, దాని లోపలి భూమిని ముంపుగా లెక్క కడతారు. నీరు కదలకుండా నిలబడి ఉంటే ఆ గీత సరైనదే. వరదలో నీరు కదులుతుంది. కదిలే నీటికి వాలు కావాలి. బ్యారేజీ గేటు దగ్గర మట్టం 100 మీటర్లు ఉంటే, పైకి పోయిన కొద్దీ 101, 102, ఇంకా పైన ఉంటుంది. ప్రవాహం ఎంత పెద్దదైతే ఆ వాలు అంత నిటారుగా లేస్తుంది. కాబట్టి బ్యారేజీ దగ్గర నిలబడి చూస్తే మట్టం పెరగలేదని చెప్పవచ్చు. అదే సమయంలో పైన పది పదిహేను కిలోమీటర్ల దూరంలో చేను మునిగి ఉండవచ్చు. రెండూ నిజమే అవుతాయి.

దీనికి తోడు పూడిక. నిలిచిన నీటిలో ఒండ్రు, ఇసుక కిందకు దిగుతాయి. నీరు నిలవడం మొదలయ్యే చోట, అంటే బ్యాక్ వాటర్ తోక దగ్గర, ఎక్కువ ఇసుక పడుతుంది. అక్కడ నది అడుగు లేస్తే, మొదటి ఏడాది 10 లక్షల క్యూసెక్కులకు ఒడ్డు దాటని నది, కొన్నేళ్లకు అంతకన్నా తక్కువ ప్రవాహానికే దాటవచ్చు. బ్యారేజీ కట్టిన ఏడాది గీసిన మ్యాపు పదేళ్లకు పనికిరాదు. గంగ మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలైంది. దాని వల్లే ఎగువన పూడిక పెరిగి వరదలు ఎక్కువయ్యాయని బీహార్ ప్రభుత్వం ఇన్నేళ్ల తర్వాత కూడా వాదిస్తోంది.

చిన్న కట్టడాలకూ ఇదే వర్తిస్తుంది. మన వాగుల మీద కత్వలు పాతవే. ఇప్పుడు వాటికి తోడు చెక్‌డ్యాంలు వరుసగా వచ్చాయి. చెక్‌డ్యాంకు గేట్లు ఉండవు. ఎండాకాలం బావుల్లో నీళ్లు పెరుగుతాయి, అది మంచిదే. వానకాలంలో మాత్రం వాగు అడ్డం ఎక్కి పోవాలి. రెండు వైపులా గట్లు ఎత్తు చాలకపోతే పక్క చేను కోసుకుపోతుంది. ఎగువన ఎవరి భూమి ఎంత ఎత్తులో ఉందో కొలవకుండా కట్టిన ప్రతి చెక్‌డ్యాం ఒక తగాదాను కూడా కట్టినట్టే.

గేట్లన్నీ ఎత్తాం కదా అంటే

బ్యాక్ వాటర్ మాట ఎత్తగానే వచ్చే రెండో జవాబు ఇది. వరద రోజున గేట్లన్నీ ఎత్తి ఉంచాం, నది దాని దారిన అది పోయింది, బ్యారేజీకి సంబంధం లేదు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. అసలు ఆనకట్ట స్థానంలో గేట్ల బ్యారేజీ కట్టేదే అందుకు. ధవళేశ్వరంలో కాటన్ కట్టించిన పాత ఆనకట్ట స్థిరమైన గోడ, వరద దాని మీదుగా దుంకాల్సిందే. 1982లో పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి 175 గేట్లున్నాయి, ఎత్తితే నీరు కింద నుంచి పోతుంది.

అయినా మూడు ప్రశ్నలు మిగులుతాయి. మొదటిది, గేట్లు ఎత్తినా పిల్లర్లు ఎక్కడికీ పోవు. మేడిగడ్డకు 85 గేట్లు. వాటి మధ్య 80కి పైగా పిల్లర్లు నది వెడల్పులో కొంత భాగం తింటున్నాయి. ఆ అడ్డం వల్ల నీరు ఎంతో కొంత ఎగదన్నుతుంది. ఇంజనీర్లు దాన్ని ముందే లెక్క కడతారు. ఆ లెక్క ఎంత, 10 లక్షల క్యూసెక్కులకు ఎంత, 20 లక్షలకు ఎంత, 28 లక్షలకు ఎంత? ఊరూరికీ చెప్పండి.

రెండోది, గేట్లు ఎప్పుడు ఎత్తారు? వరద గేటు దగ్గరికి వచ్చాక ఎత్తడం వేరు, పైన వాన పడిందని తెలియగానే ఎత్తి ఖాళీ చేసి పెట్టడం వేరు. నిండుగా ఉన్న బ్యారేజీ మీదికి వరద వస్తే మొదటి కొన్ని గంటలు ఎగువ రైతు మీదే పడుతుంది. ప్రాణహిత మీద టేక్రా దగ్గర, గోదావరి మీద మంచిర్యాల దగ్గర కేంద్ర జలసంఘం నీటిమట్టాలు కొలుస్తుంది. అక్కడ నీరు ఎంత లేస్తే ఇక్కడ ఎన్ని గేట్లు ఎత్తాలన్న నియమం కాగితం మీద ఉండాలి. ఆ కాగితం ఊళ్లో పంచాయతీ గోడకు అంటించి ఉండాలి.

మూడోది వాగులు. నది నిండుగా నిలబడితే దానిలో కలవాల్సిన వాగు ఆగిపోతుంది. నది నీరు మన చేలోకి రాకపోయినా వాగు నీరు వస్తుంది. 2022 జూలైలో మంచిర్యాల పట్టణంలో రాళ్లవాగు వెంట కాలనీలు మునిగాయి, మంథని పట్టణం మునిగింది. నది ఎత్తుగా ఉన్నప్పుడు వాగు ఎంత ఎత్తుకు ఎక్కుతుందో ఈ రెండు చోట్లా అందరూ చూశారు. కరకట్టలు కట్టిన చోట ఇంకో చిక్కు. కట్ట నదిని బయట ఆపుతుంది, అదే కట్ట మన వాన నీటిని లోపల ఆపుతుంది. తూములు చాలకపోతే కట్ట వెనుక పొలం చెరువు అవుతుంది. అప్పుడు నది గీత, వాగు గీత రెండూ గీయాలి.

అంతా బ్యారేజీ మీద వేయొద్దు

మన వైపు నుంచి కూడా నిజాయితీగా ఒక మాట అనుకోవాలి. గోదావరి బ్యారేజీలు కట్టకముందు కూడా పొంగింది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అప్పుడు మేడిగడ్డ లేదు, అన్నారం లేదు. 2022 జూలైలో అక్కడ 71.3 అడుగులు వచ్చింది. ఆ వరద మామూలు వరద కాదు. మేడిగడ్డ దగ్గర ప్రవాహం 28 లక్షల క్యూసెక్కులు దాటిందని అధికారులు చెప్పారు. కాళేశ్వరం పంపుహౌసులే మునిగాయి. అంత వరదలో మునిగిన ప్రతి ఎకరం బ్యారేజీ వల్లే మునిగిందని మనం అంటే, ఒక్క ప్రశ్నతో మన నోరు మూయించగలరు.

కాబట్టి మన వాదన ఇలా ఉండాలి. పెద్ద వరదలో నది ఎంత ముంచేదో అంత తీసేయండి. మిగిలినది చెప్పండి. 5, 8, 10 లక్షల క్యూసెక్కుల మధ్య రకం వరదల్లో పాత రోజుల్లో మునగని చేను ఇప్పుడు మునుగుతోందా? పాత రోజుల్లో ఒక్క రోజులో తీసిన నీరు ఇప్పుడు నాలుగు రోజులు నిలబడుతోందా? మన బతుకు తేలేది అక్కడ. పత్తి చేను ఒక రోజు మునిగితే బతికించుకోవచ్చు. నల్లరేగడిలో మూడు నాలుగు రోజులు నీరు నిలిస్తే వేరు కుళ్లి వడలిపోతుంది. పంట కళ్ల ముందు నిలబడే ఉంటుంది, చేతికి ఏమీ రాదు.

ముప్పై ఏళ్లకోసారి వచ్చే వరదకు రైతు తట్టుకుంటాడు. మూడేళ్లలో రెండుసార్లు మునిగే చేనును ఎవరూ కౌలుకు తీసుకోరు, ఎవరూ కొనరు, బ్యాంకు కూడా అనుమానంగా చూస్తుంది. అది కాగితం మీద పట్టా భూమి, వానకాలంలో నది. సేకరించలేదు కాబట్టి పరిహారం లేదు. 2020లో రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చినప్పుడు ఆ దారి కూడా మూసుకుపోయింది. కౌలు రైతు సంగతి చెప్పనక్కరలేదు. పెట్టుబడి అతనిది, నష్టం రాసే రోజున పేరు పట్టాదారుది.

కొలత చేతిలోనే ఉంది

ఇదంతా తేల్చడానికి కొత్త విద్య ఏమీ అక్కరలేదు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ఆ తర్వాత నీరు ఖాళీ చేశారు. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ సూచన మేరకు మిగతా రెండు బ్యారేజీల్లోనూ నీళ్లు నిలపకుండా గేట్లు ఎత్తి ఉంచారు. దేశానికి అది నష్టమే. కానీ ఎగువ రైతుకు ఒక కొలత దొరికింది. 2019కి ముందు బ్యారేజీ లేని నది ఉంది. 2019 నుంచి 2023 దాకా నిండిన బ్యారేజీలున్న నది ఉంది. ఆ తర్వాత గేట్లు ఎత్తిన నది ఉంది. మూడు కాలాల్లోనూ ఒకే ప్రవాహం వచ్చిన రోజులు వెతకండి. ఆ రోజుల్లో మంచిర్యాల దగ్గర, కాళేశ్వరం దగ్గర మట్టం ఎంత ఉందో పక్కపక్కన పెట్టండి. తేడా ఎంతో అదే బ్యారేజీ వాటా. ఆ రికార్డులు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి.

కాళేశ్వరం మీద జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ 2025 జూలైలో నివేదిక ఇచ్చింది. అసెంబ్లీలో, టీవీల్లో జరిగిన చర్చంతా కుంగిన పిల్లర్ల చుట్టూ, ఖర్చయిన కోట్ల చుట్టూ తిరిగింది. తప్పు చేసినవారిని తేల్చాల్సిందే. కానీ బ్యారేజీ గట్టిగా ఉన్న నాలుగేళ్లలో ఎగువన ఏం జరిగిందన్న ప్రశ్న ఆ గోలలో కింద పడిపోయింది. రేపు మరమ్మతు చేసి మళ్లీ నింపితే ఆ ప్రశ్న మళ్లీ మన చేలోనే తేలుతుంది. అందుకే నింపే ముందే అడగాలి.

పక్క రాష్ట్రాన్ని అడిగిందే మన రైతుకూ ఇవ్వాలి

పోలవరం విషయంలో తెలంగాణ ప్రభుత్వం ఏమి అడుగుతోందో గుర్తు చేసుకోండి. 150 అడుగుల ఎఫ్‌ఆర్‌ఎల్ దగ్గర ఉమ్మడి సర్వే చేయాలి. బ్యాక్ వాటర్ ప్రభావం అధ్యయనం చేయాలి. కిన్నెరసాని, ముర్రేడు వాగులు ఎగదన్ని ఎంత మునుగుతుందో తేల్చి హద్దులు పెట్టాలి. భద్రాచలానికి రక్షణ కావాలి. ఇవన్నీ న్యాయమైన కోరికలే. పార్టీలు మారినా ప్రభుత్వం ఈ మాట మీదే ఉంది. మరి అదే కొలత మన గోదావరి బ్యారేజీలకు ఎందుకు పెట్టరు? ఆంధ్రా కడితే బ్యాక్ వాటర్, మనం కడితే జలకళ అవుతుందా?

కృష్ణా మీద ఇలాంటి తగాదానే ఉంది. ఆల్మట్టి ఎత్తు 519.6 మీటర్ల నుంచి 524.256కు పెంచితే సాంగ్లీ, కొల్హాపూర్ మునుగుతాయని మహారాష్ట్ర అభ్యంతరం చెబుతోంది. అయితే 2019 వరదల తర్వాత ఆ రాష్ట్రమే వేసిన వడ్నేరే కమిటీ, ఆ వరదకు ఆల్మట్టి కారణం కాదని చెప్పింది. తగాదా ఇంకా తెగలేదు. ఇందులో మనకు ఒక పాఠం ఉంది. అధ్యయనం అడిగితే ఫలితం కొన్ని చోట్ల మనకు అనుకూలంగా రాకపోవచ్చు. ఒక ఊరికి బ్యారేజీ కారణం అని తేలవచ్చు, పక్క ఊరికి వాగు కబ్జాయే కారణం అని తేలవచ్చు. దానికి కూడా మనం సిద్ధపడాలి. నిజం తేలితే ఆ రెండో ఊరి రైతు కూడా సరైన చోట కొట్లాడతాడు.

సంఘంలో ఇంకో మాట కూడా వినిపిస్తోంది. బ్యారేజీల మీద ఇలా రాస్తే ఆయకట్టుకు నీళ్లు ఆగిపోతాయని కొందరి భయం. ఒడ్డు మీద మోటారు పెట్టుకుని యాసంగి పండించినవారు, చేపలు పట్టుకుని బతికినవారు కూడా నిండిన నదిని కోరుకుంటారు. అది తప్పు కాదు. ఆయకట్టు రైతుకు నీళ్లు కావాలి, ఎగువ రైతుకు న్యాయం కావాలి. ఇద్దరూ మన సభ్యులే. నీటి ధర ఎగువ రైతు ఒక్కడి చేత కట్టించొద్దనే నేను అంటున్నాను.

ఈ వానకాలానికి ముందు మనం చేయాల్సింది

ఊరికి ఒక నోటుబుక్కు పెట్టండి. నీళ్లు ఎక్కిన రోజు, గంట, తీసిన రోజు, గంట రాయండి. మోటారు షెడ్డు గోడ మీద, కరెంటు స్తంభం మీద నీటి గుర్తుకు రంగు వేసి తేదీ రాయండి. తేదీ, స్థలం పడేలా ఫోటో తీయండి. నీరు ఎటు నుంచి వచ్చిందో కూడా రాయండి. పై నుంచి ఉరకలేస్తూ వచ్చిందా, కింద నుంచి నిదానంగా ఎదురెక్కిందా? వాన లేని రోజున ఎక్కిందా? ఆ గంటకు బ్యారేజీ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో ఎంతో వరద బులెటిన్ చూసి పక్కన రాసుకోండి. తర్వాత లెవెల్ మిషన్ ఉన్న సర్వేయరును పిలిపించి ఆ రంగు గుర్తు సముద్రమట్టానికి ఎన్ని మీటర్లో కొలిపించండి. పది ఊళ్లు చందా వేసుకుంటే పెద్ద ఖర్చు కాదు. ఎఫ్‌ఆర్‌ఎల్ 119 ఉన్న చోట మీ స్తంభం మీద గుర్తు 121 అని తేలితే, ఆ ఒక్క అంకె వంద దరఖాస్తులకు సమానం.

సమాచార హక్కు చట్టం కింద నాలుగు కాగితాలు అడగండి: వేర్వేరు ప్రవాహాలకు చేసిన బ్యాక్ వాటర్ లెక్కలు, ఎఫ్‌ఆర్‌ఎల్ కాంటూరు మ్యాపు సర్వే నంబర్లతో, వరద రోజుల గేట్ల రిజిస్టరు, గేట్లు నడిపే నియమావళి. ఇవ్వకపోతే అప్పీలుకు పోండి. అసలు లెక్కే చేయలేదని జవాబు వస్తే, అది కూడా మనకు సాక్ష్యమే.

ప్రభుత్వాన్ని సంఘం తరఫున అడగాల్సినవి ఇవి. బ్యారేజీల్లో మళ్లీ నీళ్లు నింపే ముందు, వాగులతో సహా బ్యాక్ వాటర్ అధ్యయనం బయటి సంస్థతో చేయించాలి, దాన్ని తెలుగులో గ్రామసభలో పెట్టాలి. ఎఫ్‌ఆర్‌ఎల్ రాయితో పాటు వరద గీతకు రెండో రాయి పాతాలి. రెండు రాళ్ల మధ్య ఉన్న భూమికి రైతు ఇష్టాన్ని బట్టి 2013 చట్టం ప్రకారం సేకరణ గానీ, మునిగిన ప్రతి పంటకు పరిహారం గానీ ఇవ్వాలి, కౌలు రైతు పేరు కూడా రాయాలి. ఐదేళ్లకోసారి నది అడుగు మళ్లీ కొలవాలి. గేట్లు ఎత్తే, దించే ముందు దిగువ ఊళ్లకు సైరన్ మోగించినట్టే ఎగువ ఊళ్లకూ కబురు చెప్పాలి. చెక్‌డ్యాం కట్టాలంటే ఎగువ రైతుల సంతకం లేకుండా టెండరు పిలవకూడదు.

ఒక్క రాయి పాతి, దాని ఇవతల నీకు సంబంధం లేదు పో అంటే నది వినదు. రెండో రాయి ఎక్కడ పాతాలో మన గోడల మీద రంగు గుర్తులతో మనమే చూపిద్దాం. మన మండల కమిటీలు వచ్చే సమావేశానికి ఊరి నోటుబుక్కులతో రావాలని కోరుతున్నాను.